అన్నయ్య పాట పాడితే ఇంట్లో అందరం ఉలిక్కిపడుతున్నాం, ఏం చెయ్యాలి?

చిన్నచెల్లి:

అందరికీ నమస్తే. చాలా రోజుల్నుంచి చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి, పొడుగైపోతే ఏమనుకోకండి.

మా అన్నయ్యకి 34 ఏళ్లు, బైపోలార్, అంటే మూడ్ కొన్నాళ్లు హద్దు దాటి పైకి, కొన్నాళ్లు డిప్రెషన్‌లోకి పోయే జబ్బు. ఆ పేరు తేలింది ఆరేళ్ల కిందట, దానికి ముందు మూడేళ్లు ఉత్త డిప్రెషనే అనుకుని దానికే మందులు వాడాం, ఆ మందులు వాడుతుండగానే ఓసారి ఉన్నట్టుండి పైకి లేచిపోయాడు, అప్పుడు గానీ డాక్టర్‌కి అసలు సంగతి అర్థం కాలేదు. పోయినేడాది వచ్చిన ఎపిసోడ్ మాత్రం మామూలుది కాదు. పదకొండు రోజులు పట్టుమని మూడు గంటలు పడుకోలేదు, రాత్రి రెండింటికి బీరువాలో బట్టలన్నీ హాల్లో పరిచి రంగుల వారీగా సర్దేవాడు, ఆఫీసులో పైవాళ్లకి తెల్లారేలోపు నలభై మెయిళ్లు కొట్టాడు, అడిగితే ఇచ్చే ప్రతివాళ్ల దగ్గరా అప్పు చేశాడు. ఉద్యోగం పోయింది, మూడు వారాలు హాస్పిటల్లో ఉన్నాడు. ఆ తర్వాత ఐదు నెలలు డిప్రెషన్, గోడ వైపు తిరిగి పడుకున్న వీపు తప్ప మాకు మనిషి మొహం కనపళ్లేదు.

ఇప్పుడు ఎనిమిది నెలలుగా బాగున్నాడు. మూడ్ నిలకడగా ఉంచే లిథియం వేసుకుంటున్నాడు, రాత్రిపూట ఇంకో ట్యాబ్లెట్ ఉంది. రెండు నెలల కిందట కొత్త ఉద్యోగంలో చేరాడు. అంతా కూర్చునే పని కదా నడుం నొప్పి, దానికి మందుల షాపులో అడిగి పెయిన్‌కిల్లర్ తెచ్చుకుంటున్నాడు, చెయ్యి ఈమధ్య కాస్త ఎక్కువ వణుకుతోంది అంటాడు కానీ ఆ వణుకు మొదట్నుంచీ కొంచెం ఉన్నదే. మొత్తానికి బానే ఉన్నాడు. అసలు ప్రాబ్లం మాది.

మొన్న ఆదివారం గడ్డం గీసుకుంటూ పాట పాడుకుంటున్నాడు. గట్టిగానే. నేను వంటింట్లోంచి, అమ్మ హాల్లోంచి ఒకేసారి తలుపు దగ్గరికొచ్చి ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. ఆ చూపు అద్దంలో తనకి కనపడింది. పాట ఆపేశాడు. సగం మొహానికి నురగ అట్లాగే ఉంది, వెనక్కి తిరిగి "పాట పాడినా మీకు జబ్బే వినపడుతుందా" అన్నాడు. అరవలేదు, మామూలుగానే అన్నాడు, అందుకే ఇంకా బాధేసింది.

మూడ్రోజులకి ఇంకోటి. తను ఆఫీసుకి వెళ్లాక అమ్మ రోజూ ట్యాబ్లెట్ స్ట్రిప్పులు తీసి లెక్కపెడుతోందని తెలిసిపోయింది. స్ట్రిప్ వెనకాల పెన్నుతో చిన్న చుక్కలు కూడా పెట్టిందట. అప్పట్నుంచి మాతో మాట్లాడ్డం తగ్గించేశాడు, ఇప్పుడు మాకు ఇంకో భయం, ఇది మళ్లీ డిప్రెషనా లేక మా మీద అలకా?

నాకు తెలియాల్సింది రెండే. మనిషి ఊరికే సంతోషంగా ఉన్నాడా, పైకి వెళ్తున్నాడా ఎట్లా తెలుస్తుంది? తెలిసినా, దొంగని చూసినట్టు చూడకుండా తనని ఎట్లా అడగాలి?


గోడమీదపిల్లి:

నాకు బైపోలార్ అని తేలి 14 ఏళ్లు. మీ అన్నయ్య వైపు నుంచి రాస్తున్నా అనుకోండి. ఆ అద్దం సంగతి చదివి ఫోన్ కాసేపు పక్కన పెట్టేశా. మా ఇంట్లోనూ ఇదే, కాకపోతే నాది పాట కాదు, ఈల.

మీ మొదటి ప్రశ్నకి నాకు తెలిసినంతలో చెప్తా. సంతోషం ఎంతుందో కొలవకండి, అది ఎవరి వల్లా కాదు. సంతోషంగా ఉన్నోడు పాట అయిపోయాక మొహం కడుక్కుని టిఫిన్‌కి వచ్చి కూర్చుంటాడు. పైకి వెళ్తున్నప్పుడు ఆ పాట అయిపోదు, పాటలోంచి ఆల్బమ్ పుడుతుంది, ఆల్బమ్‌లోంచి ఉద్యోగం మానేసి స్టూడియో, స్టూడియోకి అప్పు, ఇదంతా మధ్యాహ్నంలోపే, మధ్యలో ఎవరన్నా ఒక్క మాట అడ్డం వస్తే మండిపోతుంది. డాక్టర్ల లెక్కలో కూడా హైపోమానియా, అంటే కొంచెం పైకి వెళ్లడం, అనాలంటే కనీసం 4 రోజులు, మానియా, అంటే బాగా పైకి వెళ్లిపోవడం, అనాలంటే ఒక వారం, రోజులో చాలాభాగం అట్లాగే ఉండాలి, హాస్పిటల్లో చేర్చేంత ముదిరితే మాత్రం ఆ రోజుల లెక్క చూడరు. ఒక్క ఆదివారం, ఒక్క పాట ఏ లెక్కలోకీ రావు. అట్లాగని వారం అయ్యేదాకా చూద్దాంలే అని కూర్చోకూడదు, మొదటి రెండు మూడు రోజుల్లో డాక్టర్‌కి చెప్తే మందు కొంచెం సర్దితే సరిపోయేది, పదో రోజు చెప్తే హాస్పిటలే.

చూడాల్సింది నిద్ర. ఇక్కడ కూడా చాలామంది పొరపాటు పడతారు. నిద్ర పట్టక తెల్లారి మొహం వేలాడేసుకుని లేస్తే అది టెన్షన్ అవ్వచ్చు, ఇంకేదన్నా అవ్వచ్చు. మూడు గంటలే పడుకుని, తొమ్మిది గంటలు పడుకున్నోడిలా హుషారుగా లేచాడంటే అప్పుడు భయపడండి. పైగా ఇది రెండు వైపులా పనిచేస్తుంది, మానియా వస్తే నిద్ర తగ్గిపోవడమే కాదు, ఏ ప్రయాణం వల్లో నైట్ షిఫ్ట్ వల్లో ఒక రాత్రి నిద్ర లేకపోయినా మానియా మొదలవ్వచ్చు, నాకు రెండుసార్లు అట్లాగే వచ్చింది.

నిద్ర కాక ఇంకోటి, ప్రతి మనిషికీ సొంత గుర్తులుంటాయి. నాకైతే కొత్త నోటుబుక్కులు. రెండు కొంటే ఫర్వాలేదు, ఆరు కొన్నానంటే మా ఆవిడకి తెలిసిపోతుంది. ఇంకోటి ఎప్పుడో స్కూల్లో చదువుకున్నవాళ్లకి వరసపెట్టి మెసేజ్‌లు పెట్టడం. మీ అన్నయ్యకి ఆ బట్టలు రంగుల వారీగా సర్దడం అట్లాంటిదేమో. ఆ గుర్తులు తనే చెప్పాలి, మీరు వెనకాల రాసుకోకండి. తను బాగున్నప్పుడు, అంటే ఇప్పుడే, కూర్చుని అడగండి, "మళ్లీ మొదలైతే మాకు ముందు ఏం కనపడుతుంది, కనపడితే ఎవరు చెప్పాలి, ఏ మాటతో చెప్తే నీకు ఒళ్లు మండదు" అని.

మా ఇంట్లో ఒప్పందం చెప్తా. మొదట్లో మా ఆవిడ రోజూ పొద్దున్నే "రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావ్" అని అడిగేది, ఆ ప్రశ్న వింటేనే నాకు చిరాకు. ఇప్పుడు తను అడగదు. నేనే లేవగానే ఒక నంబర్ మెసేజ్ పెడతా, 7 అనో 6 అనో, అంతే. రెండు రోజులు వరసగా 5 కన్నా తక్కువ వస్తే మా ఆవిడ నన్ను అడక్కుండానే డాక్టర్‌కి ఫోన్ చెయ్యొచ్చు, ఆ పర్మిషన్ నేను బాగున్నప్పుడు ఇచ్చిందే, నా చేత్తో రాసిన కాయితం అల్మరాలో ఉంది. ఓసారి నేనే దాన్ని చించబోయాను, ఆ కథ ఇంకోసారి.


ఆరోగ్యమేభాగ్యం:

ఇంత చిన్న వయసులో ఆ కెమికల్స్ ఎందుకండీ. మా బంధువు ఒకాయన అన్ని మందులూ మానేసి ధ్యానం, ప్రాణాయామం మొదలుపెట్టాడు, ఇప్పుడు సింహంలా ఉన్నాడు. లిథియం కిడ్నీలు తినేస్తుంది. మెల్లగా మాన్పించెయ్యండి.


నైట్‌డ్యూటీ:

పైనున్న ఆయనకి తర్వాత చెప్తా. ముందు చిన్నచెల్లి గారూ, ఇది చదివిన వెంటనే లేచి మీ అన్నయ్య వాడే పెయిన్‌కిల్లర్ పేరు చూడండి. నేను సైకియాట్రీ వార్డులో పన్నెండేళ్లుగా నర్సుని. మీరు పాట గురించి రెండు పేరాలు రాశారు, వణుకు గురించి అర ముక్క రాసి "మొదట్నుంచీ ఉన్నదే" అని దాటేశారు. నాకు ఆ అర ముక్కే భయం.

ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ రకం నొప్పి మందులు లిథియంతో పాటు వేసుకుంటే లిథియం ఒంట్లోంచి సరిగ్గా బయటికి పోదు, డోస్ మార్చకపోయినా రక్తంలో లెవెల్ పెరిగిపోతుంది. లిథియం వాడేవాళ్లకి వేళ్లు సన్నగా వణకడం మామూలే, కానీ "ఈమధ్య ఎక్కువైంది" అన్నారు చూడండి, అది మామూలు కాదు. ఇవాళే డాక్టర్‌కి ఫోన్ చేసి లిథియం లెవెల్ టెస్ట్ అడగండి, తర్వాతి డోస్ వెయ్యాలా వద్దా కూడా ఆ ఫోన్లోనే అడగండి, మీ అంతట మీరు నిర్ణయించకండి. వణుకు పెద్దదై గ్లాసు పట్టుకోలేకపోవడం, వాంతులు, విరేచనాలు, నడిస్తే తూలడం, మాట ముద్దగా రావడం, మత్తుగా అయోమయంగా ఉండటం, వీటిల్లో ఏది కనపడినా ఫోన్లు పెట్టుకుని కూర్చోకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

టెస్ట్‌కి రక్తం ఇచ్చేది చివరి డోస్ వేసుకున్న 12 గంటలకి. అంటే రాత్రి తొమ్మిదికి వేసుకుంటే పొద్దున తొమ్మిదికి, పొద్దుటి డోస్ ఉంటే అది రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. ఇది తెలీక పొద్దున ట్యాబ్లెట్ వేసుకుని వచ్చి రక్తం ఇచ్చేస్తారు, లెవెల్ ఎక్కువ చూపిస్తుంది, అందరం హడావిడి పడతాం. మామూలుగా నిలకడగా ఉన్నవాళ్లకి 0.6 నుంచి 1.0 మధ్యలో ఉంచుతారు. మందు పనిచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య దూరం చాలా తక్కువ, అందుకే ఈ టెస్టులు. నొప్పికి సాధారణంగా పారాసిటమాల్ ఇస్తారు, అయినా ఒక మాట అడిగి వాడండి. ఇంకోటి, బాగా చెమట పట్టినా, విరేచనాలైనా, ఎవరో చెప్పారని ఉప్పు ఒక్కసారిగా మానేసినా లెవెల్ పెరుగుతుంది, ఒంట్లో ఉప్పూ నీళ్లూ తగ్గితే కిడ్నీ సోడియంతో పాటు లిథియంని కూడా పోనివ్వకుండా పట్టేసుకుంటుంది మరి. మందుల షాపులో ఏ మందు అడిగినా ముందు "నేను లిథియం వాడుతున్నా" అని చెప్పడం తనకి అలవాటు చెయ్యండి.

ఇక ఆరోగ్యమేభాగ్యం గారూ. కిడ్నీ మీద, థైరాయిడ్ మీద లిథియం ప్రభావం ఉండొచ్చు, నిజమే, దాచేదేం లేదు, అందుకే ఆర్నెల్లకోసారి ఆ టెస్టులు చేయిస్తాం, తేడా వస్తే మందు మారుస్తాం. కానీ మానేస్తే ఏమవుతుందో మీరు రాయలేదు. లిథియం చటుక్కున ఆపేసినవాళ్లలో మానియా తిరగబెట్టడం ఎక్కువ, నేను అడ్మిట్ చేసుకున్నవాళ్లలో చాలామంది కథ "బాగైపోయింది కదా అని మానేశాను" అనే మొదలవుతుంది. బైపోలార్ ఉన్నవాళ్లలో ఆత్మహత్యలు తగ్గిస్తుందని గట్టి ఆధారం ఉన్న మందు ఇది. ధ్యానం చేసుకోమనండి, ఎవరొద్దన్నారు, మందు వేసుకుని చేసుకోమనండి. కెమికల్ అంటారా, లిథియం రాళ్లలో దొరికే లోహం, మందుగా ఇచ్చేది దాని లవణం, 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టర్ మానియా పేషెంట్లకి వాడి ఫలితం చూపించాడు, డెబ్బై ఏళ్లు దాటినా ఇంకా దీన్ని వాడుతున్నాం అంటే ఊరికే కాదు.


చిన్నచెల్లి:

నైట్‌డ్యూటీ గారూ, చూశాను. డైక్లోఫెనాక్. రోజుకి రెండు, మూడు వారాల్నుంచి. చేతులు ఆడట్లేదు నాకు. డాక్టర్‌కి ఫోన్ చేస్తున్నా, మళ్లీ వచ్చి రాస్తా.


రెండోగది:

ఫోన్ చేశారు కదా, అది మంచి పని. ఈలోపు మీ రెండో ప్రశ్న గురించి, నేను భార్యని, మా ఆయనకి బైపోలార్, పెళ్లై 11 ఏళ్లు.

నేను మీ అమ్మగారి కన్నా ఘోరం. ట్యాబ్లెట్ వేసుకున్నాక నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించమనేదాన్ని. ఓ రోజు చూపించి, "ఇంక పళ్లు కూడా లెక్కపెట్టుకో" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ రాత్రి వేరే గదిలో పడుకున్నాడు. నా పేరు అక్కణ్ణుంచి వచ్చిందే.

వారానికి సరిపడా గళ్లున్న మందుల డబ్బా ఒకటి కొనండి. ఆదివారం తనే నింపుకుంటాడు, డబ్బా అందరికీ కనపడేచోట ఉంటుంది, ఆ రోజు గడి ఖాళీ అయితే వేసుకున్నట్టే. ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు. అమ్మగారికి కూడా చుక్కలు పెట్టే పని తప్పుతుంది పాపం, ఆవిడ ఆ చుక్కలు పెట్టింది అనుమానంతో కాదు, పోయినేడాది చూసిన భయంతో, ఆ మాట కూడా ఎవరో ఒకరు మీ అన్నయ్యకి చెప్పాలి.

అడిగేటప్పుడు "నువ్వు పైకి వెళ్తున్నావ్" అనకండి, అది తీర్పు. కళ్లకి కనపడింది మాత్రం చెప్పండి, "రాత్రి ఒంటిగంటకి నీ గదిలో లైట్ చూశా, రెండు రోజుల్నుంచీ అంతే" అని. లైట్ వెలగలేదని ఎవరూ వాదించరు. నిజంగా మానియాలో ఉంటే మాత్రం ఇదీ పనిచెయ్యదు, అప్పుడు తనకి జబ్బు ఉందనే తనకి కనపడదు, మొండితనం కాదది, జబ్బులో భాగమే. అప్పుడు వాదించి గెలవాలని చూడకండి, గొంతు తగ్గించి, ఇంట్లో జనాన్నీ సందడినీ తగ్గించి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లే దారి చూడండి. డబ్బు సంగతి బాగున్నప్పుడే తేల్చుకోవాలి, మా ఆయన తనంతట తనే కార్డు లిమిట్ తగ్గించుకున్నాడు, పెద్ద మొత్తం ఏదైనా మా ఇద్దరి సంతకాలూ ఉంటేనే కదులుతుంది.

మాట్లాడ్డం తగ్గించాడు అన్నారు కదా, అలకో డిప్రెషనో. అలకైతే మీతో మాట్లాడడు గానీ ఫ్రెండ్‌తో మాట్లాడతాడు, తన పనులు తను చేసుకుంటాడు. డిప్రెషన్ అయితే అన్నీ ఒకేసారి ఆరిపోతాయి, స్నానంతో సహా. అది రెండు వారాలు సాగేదాకా ఆగకండి. అందరూ మానియాకే భయపడతారు, అది గోల చేస్తూ వస్తుంది కాబట్టి, కానీ ఈ జబ్బున్నవాళ్లు లెక్కకి ఎక్కువ రోజులు గడిపేది డిప్రెషన్‌లోనే. మనసంతా చీకటిగా ఉండి ఒంట్లో మాత్రం కుదురు లేకుండా అటూ ఇటూ తిరుగుతుంటే అది ఇంకా ప్రమాదం, రెండూ కలిసొచ్చినట్టు. అనుమానం వస్తే "చచ్చిపోవాలనిపిస్తోందా" అని సూటిగా అడిగెయ్యండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు, పుట్టదు. నేను అడిగిన రోజు ఆయన "అవును" అన్నాడు, అని ఏడ్చాడు, ఆ రాత్రే మందులన్నీ నా దగ్గర పెట్టుకుని, ఒంటరిగా వదలకుండా, తెల్లారి డాక్టర్ దగ్గరికి వెళ్లాం. అడక్కపోయుంటే ఏమయ్యేదో నాకు తెలీదు.

ఇంకొక్కటి, మీ గురించి మీరు ఒక్క లైన్ కూడా రాయలేదు. నిద్ర పోతున్నారా?


బాకీ:

మాదీ ఇదే కథ, తమ్ముడు. నంబర్ మెసేజ్ ఐడియా తీసుకుంటున్నా గోడమీదపిల్లి అన్నా. ఆ కాయితం చించబోయిన కథ కూడా చెప్పండి.


గోడమీదపిల్లి:

చెప్పేదేముంది బాకీ. చించబోయాను, మా ఆవిడ ప్రశాంతంగా "అది జిరాక్స్" అంది.


చిన్నచెల్లి:

తొమ్మిది రోజుల తర్వాత వస్తున్నా, సారీ.

ఆ రోజే డాక్టర్ దొరికారు. రాత్రి డోస్ ఆపమన్నారు, పొద్దున టెస్ట్ చేయిస్తే 1.3 వచ్చింది. డైక్లోఫెనాక్ ఆపించేసి, కిడ్నీ టెస్ట్ కూడా చేయించి, ఏ రోజునుంచి ఎంత వేసుకోవాలో రాసిచ్చారు. వారానికి మళ్లీ టెస్ట్, 0.8. వణుకు తగ్గింది. ఇంకో రెండు వారాలు చూడకుండా ఉంటే ఎక్కడికి పోయేదో అని డాక్టర్ అన్నప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుంది. మేం ఇద్దరం నెలల తరబడి తను ఎంత నవ్వుతున్నాడో చూస్తూ కూర్చున్నాం, మంచినీళ్ల గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటున్నాడని ఒక్కళ్లం చూళ్లేదు. గ్లాసు సంగతి తనే చెప్పాడు ఇప్పుడు, "చెప్తే మళ్లీ హాస్పిటల్ అంటారని చెప్పలేదు" అన్నాడు.

హాస్పిటల్ నుంచి వస్తుంటే దార్లో నేను సారీ చెప్పాను, పాటకి. అన్నయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "నాకూ భయమే, పాడుతూ పాడుతూ మధ్యలో నేనే ఆపి చూసుకుంటా, ఇది నేనేనా అని" అన్నాడు. అది నాకు ఎప్పుడూ తట్టలేదు.

కాయితం రాశాం. గుర్తులు తనే చెప్పాడు, బట్టలు సర్దడం రాయిస్తాడని అమ్మ అనుకుంది గానీ అది కాదట, అప్పటికే చాలా ఆలస్యం అయిపోయినట్టట. అంతకన్నా ముందు తను మాటల మధ్యలో మా వాక్యాలు పూర్తి చేసేస్తాడట, మేం చెప్పేలోపే. ఆరేళ్లలో మేం గమనించనే లేదు, చూస్తే నిజమే. ఎవరు చెప్పాలి అంటే నా పేరు రాశాడు, అమ్మ చిన్నబుచ్చుకుంది, ఆవిడకి ఆదివారం మందుల డబ్బా దగ్గర కూర్చునే పని ఇచ్చాడు. డబ్బు దగ్గర మాత్రం ఇంకా ఒప్పుకోలేదు, దాని మీద గొడవ నడుస్తోంది.

రెండోగది గారూ, నిద్ర అడిగారు. పోవట్లేదు. మీరు అడిగాక ఇంట్లో ఎవరూ నన్ను అది అడగలేదని గుర్తొచ్చింది, అందుకని నంబర్ మెసేజ్ ఇద్దరం పెట్టుకోవాలని అన్నయ్యే షరతు పెట్టాడు. నాది నిన్న 4, దానికి తన దగ్గర్నుంచి "రెండు రోజులు వరసగా వస్తే డాక్టర్‌కి ఫోన్ చేస్తా" అని రిప్లై.

ఇవాళ పొద్దున తన మెసేజ్: "7. పాట కూడా పాడాను, రెండు చరణాలు, రాసుకో."